దిండూ, డ్రైవరు హక్కులూ

ఆ ఉదయం తన కళ్లజోళ్ల షాపు మూసేసి, కళ్లజోళ్లాయన పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం రైలు వేళకు ప్లాట్‌ఫారం మీద నిలబడి, రైలు ఆగినంతసేపూ భార్యను చూడటం. ఆమె నర్సు. ఉద్యోగం దూరపు ఆసుపత్రిలో, సెలవు దొరకడం గగనం. ఇప్పుడు శిక్షణ కోసం ఆమెను ఇంకో ఊరికి పంపుతున్నారు. ఆ రైలు దారిలో ఇక్కడ ఆగుతుంది కానీ ఆమెకు దిగే వీలు లేదు. "కిటికీ పక్కనే కూర్చుంటాను. నా దిండు తీసుకురండి, హాస్టల్ దిండు మీద నిద్ర పట్టడం లేదు" అని ఫోన్లో చెప్పింది.

ఆ దిండు ఇవ్వడానికి అతనికి మనసొప్పలేదు. ఆమె వెళ్లినప్పటి నుంచీ దాని మీదే చెయ్యేసి పడుకుంటున్నాడు. ఆమె తలనూనె వాసన పోతుందని గలీబు కూడా ఉతకలేదు. ఈ సంగతి ఆమెకు కూడా తెలియదు. పొద్దున్నే దాన్ని తీసి, మళ్లీ మంచం మీద పెట్టి, మళ్లీ తీసి, చివరికి సంచిలో కుక్కి, జిప్పు వేసి, కారు వెనక సీట్లో పెట్టాడు.

అక్కను చూడటానికి బావమరిది కూడా బయల్దేరాడు. అతనిది కోర్టు పక్కన జిరాక్సు షాపు. ఏ మాటకైనా "ఇక్కడో పాయింటుంది" అంటాడు కాబట్టి అందరూ అతన్ని పాయింటు అనే పిలుస్తారు. పోలీసులు బండి ఆపితే డ్రైవరుకు ఏయే హక్కులుంటాయో చెప్పే కాగితాలు ఈమధ్యే అతని షాపుకు కాపీలకొచ్చాయి. దారి పొడుగునా అవే అప్పజెప్పాడు. తాళంచెవి లాక్కోకూడదట. కారణం లేకుండా సంచులు వెతకకూడదట. అడిగినదానికల్లా జవాబివ్వక్కర్లేదట. కళ్లజోళ్లాయన ఊఁ కొడుతున్నాడు గానీ, ఆమె కిటికీలోంచి చూడగానే ముందు ఏం మాట్లాడాలా అన్నదే అతని ఆలోచన.

రైల్వే స్టేషన్ కనబడే మలుపులో ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యెత్తాడు. వంగి, "సార్, మీ వెనక..." అన్నాడో లేదో, పక్క సీట్లోంచి పాయింటు అందుకున్నాడు.

"వెనక ఏముందో అడిగే హక్కు మీకు లేదండి. బావా, నువ్వు మాట్లాడకు."

అప్పటిదాకా వెనక ఏముందన్న ధ్యాసే లేని కానిస్టేబులు తొంగిచూశాడు. ఉబ్బిన సంచి కనబడింది. అందులో ఏముందన్నాడు. కళ్లజోళ్లాయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లాం దిండని నడిరోడ్డు మీద ఎలా చెప్పడం? నోరు మెదపలేదు. శభాష్ అని పాయింటు బావ భుజం తట్టి, అతని ఫోనుతోనే వీడియో తీయడం మొదలుపెట్టాడు. బండి పక్కకు తీయమంటే, తీస్తే తప్పు ఒప్పుకున్నట్టేనని వాదించాడు. వెనక హారన్లు మోగాయి. జనం మూగారు. సంచిలో నగలున్నాయని ఒకరన్నారు, పాముందని ఇంకొకరన్నారు. పాము మాట వినగానే కానిస్టేబులు ఈల ఊది తోటివాళ్లను సాయం పిలిచాడు. కాసేపటికి బావ, బావమరిది, సంచి కలిసి పక్క వీధిలోని పోలీస్ స్టేషనుకు చేరుకున్నారు.

బెంచీ మీద కూర్చున్నారో లేదో రైలు కూత వినబడింది. కళ్లజోళ్లాయన లేచి నిలబడ్డాడు. ఇప్పుడామె కిటికీకి మొహం ఆనించి ఉంటుంది. దూరం నుంచి వచ్చే ప్రతి మనిషినీ అతనే అనుకుంటుంది.

"అమ్మా, సంచి విప్పి చూసుకోండి. నన్ను పోనివ్వండి" అని ఇన్‌స్పెక్టరమ్మను బతిమాలాడు. "బావా, నువ్వు ఒప్పుకోకపోతే..." అంటూ పాయింటు అడ్డం రాబోతే, పెళ్లయ్యాక మొదటిసారి అతన్ని నోరు ముయ్యమన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ జిప్పు తీసింది. దిండు. నొక్కి చూసింది, అయినా దిండే. ఎవరిదని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాక అతను ఆపలేకపోయాడు. గలీబు ఉతకని సంగతి కూడా చెప్పేశాడు. ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరమ్మ దిండును మెల్లగా అతని చేతుల్లో పెట్టింది. అంతలో రైలు మళ్లీ కూసింది. కిటికీ అద్దాలు కాసేపు వణికి ఊరుకున్నాయి.

"అసలు వీళ్లను ఎందుకు ఆపావు?" అని ఆమె కానిస్టేబుల్ని అడిగింది.

"వెనక తలుపు సరిగ్గా పడలేదు మేడం. చెబుదామని ఆపాను. చెప్పనిస్తేగా."

ఆమె పాయింటు వైపు తిరిగింది. "నువ్వు చెప్పిన హక్కులన్నీ ఉన్నవే బాబూ. ఎందుకు ఆపారని అడిగే హక్కు కూడా ఉంది. ముందు దాన్ని వాడుకోవాల్సింది."

పాయింటుకు ఆ పూట పాయింటు దొరకలేదు. ఫోను చూస్తే, వీడియో తీసీ తీసీ ఛార్జింగు అయిపోయి ఎప్పుడో ఆగిపోయింది. ఇక వెళ్లొచ్చన్నారు. కళ్లజోళ్లాయన కదల్లేదు. వెళ్లి చేసేదేముంది?

అప్పుడు గుమ్మంలోకి పెట్టె పట్టుకుని ఒకామె ఆయాసపడుతూ వచ్చింది. తన భర్త కనబడటం లేదని, ఫోను పలకడం లేదని చెప్పింది. వస్తానన్నాక రాకుండా ఉండే మనిషి కాదు, ఏదో జరిగే ఉంటుందని రైలు దిగేసిందట. ఇన్‌స్పెక్టరమ్మ ఏమీ రాసుకోలేదు. బెంచీ వైపు చూపించింది.

అక్కడ తమ్ముడు తల వంచుకుని ఉన్నాడు. భర్త తన దిండును పొదివి పట్టుకుని ఉన్నాడు.

"ఎందుకు దిగావు?" అన్నాడతను.

"మీరు లేరుగా" అంది.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఒకరోజు ఆలస్యంగా చేరినా ఫరవాలేదన్నారు. మర్నాడు రైలుకు బయల్దేరేటప్పుడు పాయింటు మొహం చెల్లక తాను రానన్నాడు. బావే వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ముందు సీట్లో కూర్చోబెట్టాడు.