మూడు ఎర్ర ఇంటూ గుర్తులు

ఆ ఉదయం అల్లుడి పథకంలో లోపమేమీ లేదు. క్రితం రాత్రి డాబా మీద మెడ పట్టేసేదాకా వంగి, టెలిస్కోపును మోసే మౌంటు ఇరుసును ధ్రువనక్షత్రానికి గురిపెట్టాడు. ఇక మోటారు వేస్తే చాలు, భూమి తిరుగుతున్నా ఏ గ్రహమైనా చూపులోంచి జారిపోకుండా నిలుస్తుంది. బట్టలు ఆరేయడానికి అడ్డమని భార్య దాన్ని తీయమంది. అందుకని స్టాండు కాళ్లు ఉన్నచోట ఆవిడ గోళ్లరంగుతోనే మూడు ఎర్ర ఇంటూ గుర్తులు పెట్టి ఆఫీసుకు వెళ్లాడు. సాయంత్రం కాళ్లు అక్కడే ఆనిస్తే సరి.

ఈ తంటా అంతా మామగారి కోసం. రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. పోయినసారి ఆయన కన్ను ఆనించేలోపే శనిగ్రహం జారిపోయింది. "నీ గొట్టంలో చీకటి బాగా కనిపిస్తోంది అల్లుడూ," అన్నారు. ఆ మాట ఏడాదిగా అతనికి స్నానాలగదిలో కూడా వినిపిస్తోంది. ఇప్పుడు ఆయనకు పడకగది ఇచ్చి, తనకన్నా పొట్టిదైన సోఫాలో ముడుచుకుంటున్నాడు. రేపే ఆయన ప్రయాణం. మిగిలింది ఈ సాయంత్రమొక్కటే.

ఇంటికొచ్చేసరికి గుర్తులున్న చోట మూడు తడి సిమెంటు అతుకులు. పక్కన కర్ర పట్టుకుని మామగారు కాపలా.

"పడకగది కప్పు నాన్న మీద కారుతోందని మేస్త్రిని పిలిచానండీ," అంది భార్య. "ఎక్కడ కారుతోందో మీరే గుర్తులు పెట్టారు కదా!"

"మేస్త్రి ఒక్కచోట కొడితే చాలన్నాడు," అన్నారు మామగారు గర్వంగా. "మా అల్లుడు లెక్క తప్పడు, మూడూ పగలగొట్టమన్నాను. ఆగు, అటు అడుగు పెట్టకు!"

పెళ్లయ్యాక మొదటిసారి ఆయన తనను నమ్మారు. ఏడవాలో దండం పెట్టాలో అతనికి తెలియలేదు.

ఇక ఉన్నది నీళ్లట్యాంకు వెనక కాస్త చోటు. అక్కడ ధ్రువనక్షత్రం ట్యాంకు చాటున పడింది. ఉత్తరం ఇటే అయ్యుంటుందని గుడ్డిగా నిలబెట్టి, శనిని వెతికి పట్టి, మామగారిని కూర్చోబెట్టి, కళ్లు మూసుకున్నాడు.

"అల్లుడూ! చుట్టూ వలయంతో సహా ఉన్నాడు! అరె, జారుకుంటున్నాడు!"

"గొట్టాన్ని జరిపే ఆ మర తిప్పండి మామయ్యగారూ, నెమ్మదిగా..."

"దొరికాడు! టికెట్ లేకుండా ఎక్కడికి పోతావురా?"

భోజనానికి పిలిచినా ఆయన లేవలేదు. శని పారిపోవడం, ఆయన పట్టుకోవడం. ముఖంలో పాత ఉద్యోగం వెలిగిపోతోంది.

"పోయినసారి ఈ మర ఎందుకు చూపించలేదయ్యా? రేపటి ప్రయాణం మానేశాను. నెలాఖరుదాకా ఉంటా. నువ్వు మాత్రం దీన్ని బాగుచెయ్యకు."

ఆ రాత్రి సోఫాలో అల్లుడు చాలాసేపు ఆలోచించాడు. మర్నాడు సిమెంటు ఆరగానే మౌంటును మళ్లీ అక్కడే నిలిపి, చీకటి పడ్డాక ధ్రువనక్షత్రానికి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేశాడు.