అధ్యక్షులవారు నిలబడతారు

నామినేషన్ల ఆఖరి రోజు ఉదయం గ్రామీణ మండలి అధ్యక్షులవారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా తొడగాలి, పది మందితో కలిసి మండలి కార్యాలయానికి వెళ్ళాలి, ఎన్నికల అధికారి ఎదుట నిటారుగా నిలబడి ప్రతిజ్ఞ చదవాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. గడువు మధ్యాహ్నం మూడింటి దాకా. ప్రతిజ్ఞ నిటారుగా నిలబడే చదవాలన్నది అక్కడి నియమం. ఆ నియమం కార్యాలయం గోడమీద అద్దాల చట్రంలో ఉంది. అధికారి ముఖంలో చట్రం లేకుండానే ఉంది.

మళ్ళీ గెలవాలన్న ఆయన పట్టుదలకు కారణం మాత్రం ఊరవతల వాగులో ఉంది. కిందటిసారి ఆ వాగుమీద వంతెన కట్టిస్తానని మాట ఇచ్చారు. స్తంభాలు లేచాయి, పైన దారి పడలేదు. పదవీకాలం స్తంభాల దగ్గరే అయిపోయింది. జనం ఆయనకు 'స్తంభాలాయన' అని పేరు పెట్టి, ఆ పేరు ఆయనకు వినబడేంత దూరంలోనే పలుకుతున్నారు. ఈసారి తాను దిగిపోతే, ఆ స్తంభాలు కొంగలు వాలడానికి తప్ప మరెందుకూ మిగలవని ఆయన దిగులు.

దిగులుకు ఆధారం లేకపోలేదు. ఆయన తర్వాత ఆ కుర్చీ మీద కన్ను వేసినవాడు సొంత బావమరిది. ఆ ఇద్దరినీ కాదని పోటీకి దిగే ధైర్యం చుట్టుపక్కల మూడో మనిషికి లేదు. వంతెన కన్నా మండలి ముందొక గడియార గోపురం కడితే చూడముచ్చటగా ఉంటుందని బావమరిది ఆలోచన. అయితే, "బావ నిలబడినంత కాలం నేను నిలబడను" అని అక్కకు మాట ఇచ్చి ఉన్నాడు గనుక, గోపురం ఇంతవరకూ అతడి తలకాయ దాటి బయటికి రాలేదు.

చొక్కా తొడిగి అధ్యక్షులవారు అద్దం ముందు నిలిచారు. ఓటర్లకు వంగి నమస్కరించి ఐదేళ్ళయింది. అలవాటు తప్పిందేమోనని అనుమానం వచ్చింది. ఒకసారి వంగి చూసుకున్నారు. మరికాస్త వినయం కావాలనిపించి మరికాస్త వంగారు. నడుములో 'టక్' మంది. ఐదేళ్ళుగా ఎవరి ముందూ వంగని నడుము ఒక్కసారిగా అంత వినయాన్ని భరించలేక, వంగినచోటే ఆగిపోయింది.

"ఏమేవ్! ఒకసారి ఇలా రా!"

భార్య వచ్చి చూసింది. "ఏం పోగొట్టుకున్నారు? కిందేం వెతుకుతున్నారు?"

"నడుం పోగొట్టుకున్నాను. లేపు."

ఆమె పైకి లాగితే ఆయన అరిచారు, కుర్చీలోకి నెడితే అంతకన్నా గట్టిగా అరిచారు. ఆమె ఆయన్ను బల్లకు ఆనించి, వైద్యుడి ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తినవాడు కాంపౌండరు. అతడికి చెవి కాస్త మందం. అందువల్ల తాను విన్న ప్రతి మాటనూ పదిమందికీ వినబడేలా తిరిగి పలికి సరిచూసుకోవడం అలవాటు.

"హలో, మావారు నిలబడలేకపోతున్నారయ్యా."

"ఏంటమ్మా? అధ్యక్షులవారు నిలబడటం లేదా?"

"పొద్దున్న బాగానే ఉన్నారు, ఉన్నట్టుండి ఇలా అయింది. డాక్టరు గారొచ్చి కనీసం కూర్చోబెడితే చాలు."

"కూర్చోబెట్టాలా? మరి ఆయన ఒప్పుకుంటారా అమ్మా?"

"ఎక్కడ ఒప్పుకుంటారు! నిలబడి తీరాలనే అంటున్నారు. మనమే ఎలాగోలా కూర్చోబెట్టాలి."

ఎన్నికల వేళ కాళ్ళకూ నడుముకూ సొంత అర్థాలు మిగలవు. నిలబడటమంటే పోటీ చేయడం, కూర్చోవడమంటే పోటీ మానుకోవడం. వైద్యుడి వసారాలో తన వంతు కోసం కాచుకున్న విలేఖరికి మెడ పట్టేసి తల తిరగడం లేదు. చెవి మాత్రం చక్కగా తిరిగింది. కాసేపటికల్లా ఊళ్ళోని ఫోన్లన్నింటిలో ఒకే వార్త మోగింది: 'అధ్యక్షుడు నిలబడరు. కూర్చోబెట్టేందుకు ఇంట్లోనే మంతనాలు.'

అధ్యక్షులవారి వాకిట్లో బ్యాండువాళ్ళు అప్పుడే వాయిద్యాలు తుడుచుకుంటున్నారు. వార్త చదివి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, వాయిద్యాలు భుజాన వేసుకున్నారు, వీధి చివర బావమరిది ఇంటిముందు దించారు. జెండాలవాళ్ళు వాళ్ళను అనుసరించారు.

బావమరిది అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, బావ నిలబడటం లేదట. నిజమేనా?"

"నిజమేరా తమ్ముడూ. భారమంతా నామీదే పడింది. ఒక్కదాన్నే మొయ్యలేకపోతున్నాను."

"నీ భారం నేను మొయ్యనా అక్కా? నన్ను దిగమంటావా?"

ఎక్కడో బస్సులో ఉన్నాడు కాబోలు, దారిలో దిగి వస్తాడు కాబోలు అనుకుంది ఆమె. "ఇంకా అడుగుతావేంట్రా? దిగు, తొందరగా దిగు!"

సాక్షాత్తూ అక్కే దిగమన్నాక ఆగడం మర్యాద కాదని అతడు వెంటనే దిగాడు. బ్యాండు మోగింది, జెండాలు లేచాయి, ఊరేగింపు కార్యాలయం వైపు కదిలింది.

ఇక్కడ వైద్యుడు వచ్చాడు. వెడల్పాటి బెల్టు ఒకటి అధ్యక్షులవారి నడుముకు చుట్టి బిగించాడు. "పది రోజులు మంచం దిగకూడదు. ఇవాళ మాత్రం నిలబడ్డారో, పడిపోతారు."

"కిందటిసారీ అందరూ ఇదే మాట అన్నారు. నిలబడ్డాను, పడలేదు."

"ఏమండీ, ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి" అంది భార్య.

"వదలను." వంగిన మనిషి మాట నేలను తాకి పైకి లేచింది. "నేను వదిలితే వంతెన ఆగిపోతుంది. వాకిట్లో వాళ్ళను పిలు, బయలుదేరదాం."

"వాకిట్లో ఎవరూ లేరండీ. బ్యాండు కూడా లేదు."

"డ్రైవరున్నాడా?"

"ఉన్నాడు."

"అయితే చాలు."

కారులో కూర్చోవడం కుదరదు. ప్రచారానికని సిద్ధం చేసిన పైకప్పులేని వ్యాను ఉంది. భార్యా, డ్రైవరూ కలిసి ఆయన్ను దాంట్లోకి ఎక్కించి, ముందరి కడ్డీకి ఆనించారు. సరిగ్గా అప్పుడే విలేఖరి నుంచి డ్రైవరుకు ఫోన్ వచ్చింది.

"మీ అయ్యగారి సంగతేంటి?"

"ఇప్పుడు మాట్లాడే తీరిక లేదు సార్. మూడు లోపల అధ్యక్షులవారిని దించెయ్యాలి."

"ఎవరు? మీరా?"

"నేనూ అమ్మగారూ. ఎలాగైనా దించేస్తాం!"

ఊళ్ళో ఫోన్లు మళ్ళీ మోగాయి: 'భార్య, డ్రైవరు ఏకం. మూడు లోపల అధ్యక్షుణ్ణి దించేస్తామని ప్రతిన.'

ఈ వింత చూడాలని జనం ఇళ్ళలోంచి రోడ్డుమీదికి వచ్చారు. తీరా చూస్తే వ్యానులో అధ్యక్షులవారు ప్రతి గడప ముందూ వంగి ఉన్నారు. వీధి మారినా వంగే ఉన్నారు. తనకు ఓటు వేయని వీధిలో కూడా వంగే ఉన్నారు.

"స్తంభాలాయన వంగాడ్రోయ్!" అని ఒక ముసలాయన కేక పెట్టాడు.

"భార్యే దించేస్తోందట, పాపం. అయినా ఎంత వినయమో చూడండి" అంది పక్కావిడ.

పొగడ్తలు వింటున్నా ఆయనకు ముఖాలు కనబడలేదు. కనబడినవి పాదాలు. వ్యాను వెంట నడుస్తున్న పాదాలు, చెప్పులు చేతబట్టుకున్న పాదాలు, మోకాళ్ళ దాకా తడిసి ఎర్రమట్టి అంటిన పాదాలు. అవి వాగు దాటి వచ్చినవని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నిటారుగా నడిచిన ఐదేళ్ళలో ఆయన చూడనిది అదొక్కటే. కడ్డీని మరింత గట్టిగా పట్టుకున్నారు. "ఇంకాస్త తొందరగా పోనివ్వు" అన్నారు డ్రైవరుతో.

వ్యాను చేరేసరికి కార్యాలయం లోపల బావమరిది ప్రతిజ్ఞ చదవడానికి గొంతు సవరించుకుంటున్నాడు. ఇంతలో గుమ్మం దగ్గర అక్క గొంతు వినబడింది.

"ఒరేయ్ తమ్ముడూ! ముందొచ్చి మీ బావని దించరా!"

గుంపు గుండెలమీద చెయ్యి వేసుకుంది. బావమరిది పరుగున వచ్చాడు. "ఇంతమంది ముందు అంటావేంటక్కా!"

"ఇంతమంది ఉండీ ఏం లాభంరా? ఒక్కడైనా చెయ్యి వేశాడా?"

అతడు తలెత్తి, వ్యానులో గొడుగు పిడిలా వంగి ఉన్న బావను చూశాడు. "బావా! నువ్వు కూర్చున్నావన్నారే?"

"కూర్చోగలిగితే కారులో వచ్చేవాణ్ణిగా! నడుం పట్టేసిందయ్యా."

వార్త ఎలా పుట్టిందో బావమరిదికి అర్థమైంది. కానీ వెనక బ్యాండు ఉంది, ముందు జనం ఉన్నారు, తలలో గోపురం ఉంది. "అది కాదు బావా... నువ్వు ఎటూ నిటారుగా నిలబడలేవు. నియమం ప్రకారం చూస్తే..."

"నాకిచ్చిన మాట ప్రకారం చూడరా ముందు!" అంది అక్క. "దించు!"

అక్క అలా అన్నాక గోపురం నిలవలేదు. అతడు వ్యాను అంచుకు చేరి, బావ నడుము చుట్టూ రెండు చేతులూ వేసి, ఊపిరి బిగబట్టి ఎత్తాడు. 'టక్' మంది. వెంటనే మరో 'టక్' మంది. మొదటిది బావ నడుము చోటికి వచ్చిన చప్పుడు, రెండోది బావమరిది నడుము చోటు తప్పిన చప్పుడు.

ఎన్నికల అధికారి గడియారం చూసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "మూడు కావస్తోంది. ఎవరు నిలబడుతున్నారు?"

"నేను" అన్నారు అధ్యక్షులవారు. నిజంగానే నిలబడి ఉన్నారు.

"నేను కూడా..." అంది నేలచూపుల గొంతు ఒకటి.

అధికారి గోడమీది చట్రం వైపు చూశాడు, తర్వాత ఆ గొంతు వచ్చిన ఎత్తు చూశాడు. "నిటారుగా" అన్నాడు.

అధ్యక్షులవారు లోపలికి నడిచి, ఒక్క అక్షరం తడబడకుండా ప్రతిజ్ఞ చదివారు. మూడు కొట్టేసరికి బల్లమీద ఉన్నది ఒక్క నామినేషనే. పోటీ లేదు గనుక ఎన్నిక ఏకగ్రీవమని అధికారి చెప్పాడు. బ్యాండువాళ్ళు ఏమాత్రం మొహమాటపడకుండా ఈ వైపుకు తిరిగి వాయించారు.

అధ్యక్షులవారు బయటికి వచ్చి, తన నడుముకున్న బెల్టు విప్పి బావమరిదికి చుట్టారు. "వానలు వచ్చేలోపల వంతెన పూర్తి కావాలి. ఆ పనికి ఇకమీదట నువ్వే నడుం బిగించాలి."

"వంతెన మీద చిన్న గడియారమైనా పెట్టించు బావా!"

"ముందు వంతెన" అంటూ ఆయన పట్టీ మరో రంధ్రం లోపలికి లాగారు.

మరునాటి పత్రికలో 'బావ కోసం కూర్చున్న బావమరిది' అని పెద్ద అక్షరాలతో పడింది. అది మాత్రం పూర్తిగా అబద్ధం. పది రోజుల దాకా అతడు కూర్చోలేకపోయాడు.