ఎర్ర దారం, పచ్చ పట్టీ

చొక్కలింగానికి ఏళ్ళ తరబడి ఒక సందేహం. దేవుడి ముందు అందరూ ఒక్కటే అయితే, వెనక వచ్చినవాడు ముందెలా వెళతాడు? మదురైలో ఏ గుడికి వెళ్ళినా ఈ ప్రశ్న ఆయనతోపాటే వరుసలో నిలబడేది.

ఆ శుక్రవారం తిరుప్పరంకుండ్రం గుడిలో ఉదయం అభిషేకానికి వెళ్ళాలనుకున్నారు. నైవేద్యానికి చక్కెర పొంగలి చేస్తుంటే కాగిన నెయ్యి చింది, భార్య వడివు చెయ్యి బొబ్బలెక్కింది. అభిషేకం మానుకుని ఇద్దరూ ఆటోలో పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి చేరారు.

గుమ్మంలో స్టెల్లా సిస్టర్ ఒక్కొక్కరి నాడి పట్టి చూసి, మణికట్టుకు రంగు పట్టీ వేస్తోంది. వడివుకు పచ్చది పడింది. వాళ్ళ తర్వాత వచ్చిన ముగ్గురు ఎర్ర పట్టీలతో నేరుగా లోపలికి వెళ్ళిపోయారు.

“ఏమ్మా, ఇక్కడ కూడా ప్రత్యేక దర్శనమేనా?” అన్నాడు చొక్కలింగం.

“ముందొచ్చినవాళ్ళకి కాదయ్యా, ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి ముందు. పచ్చ అంటే కాసేపు ఆగగలరని. కూర్చోండి.”

“ఆవిడ నొప్పికి అల్లాడిపోతోంది!”

“అంతేం లేదు సిస్టర్. నీళ్ళు పోశాక తగ్గింది,” అంది వడివు.

“నువ్వూరుకో! నీకు మాట్లాడే ఓపిక కూడా లేదని చెప్పబోతున్నా.”

ఆయన పట్టు వదిలే రకం కాదు. గంటసేపు ఎదురుచూశాడు. మనుషుల వల్ల కానిది అమ్మవారి వల్ల అవుతుందని రోడ్డు దాటి మారియమ్మ గుడికి వెళ్ళి, రక్షగా ఎర్ర దారం తెచ్చాడు. అడ్డొచ్చిన పచ్చ పట్టీని గాజుల వెనక్కి తోసి, దారం మూడు చుట్లు చుట్టి ముడివేశాడు. తర్వాత మజ్జిగ కోసం బయటికి వెళ్ళాడు.

అటుగా వచ్చిన వార్డు ఉద్యోగి పాండి కంటికి ఆ మణికట్టు ఎర్రగా కనబడింది. “ఎర్ర కేసుని బయట కూర్చోబెట్టిందెవరు? తప్పుకోండి!” వడివు ఏమిటని అడిగేలోగా స్ట్రెచర్ మీదుంది. నోరు తెరిచేసరికి ముఖం మీద ఆక్సిజన్ మాస్కు పడింది.

మజ్జిగతో తిరిగొచ్చిన చొక్కలింగానికి ఖాళీ కుర్చీ కనబడింది. “మీ ఆవిడని ఎర్ర గదికి పట్టుకుపోయారు,” అన్నాడు పక్కాయన. పొద్దుటినుంచి ఏ ఎర్ర రంగు కోసం పోట్లాడాడో, ఆ రంగు పేరు వినగానే మజ్జిగ కుర్చీలో వదిలేశాడు. పరుగు తీశాడు.

లోపల “ఈవిడకేమైంది?” అని డాక్టరు అరుస్తుంటే, వడివు మాస్కు లాగి, “నెయ్యి పడింది బాబూ,” అంది.

ఆ అరుపుకి లోపలికొచ్చిన స్టెల్లా దారం చూసింది. “ఎవరు కట్టారిది?” అంటూ గుమ్మం వైపు తిరిగి, తిట్టబోయి ఆగిపోయింది. చొక్కలింగం గోడకు ఆనుకుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, ముఖం పాలిపోయింది.

“అయ్యా, ఎడమ చెయ్యి లాగుతోందా?”

“పొద్దుటినుంచీ. దవడ కూడా. గ్యాసులే. ముందు మా ఆవిడ సంగతి చూడమ్మా.”

వడివును దింపిన స్ట్రెచర్ మీదికే ఆయన్ని ఎక్కించి, అసలైన ఎర్ర పట్టీ వేశారు.

“నాకొద్దు! బయట నాకంటే ముందొచ్చినవాళ్ళు ఇరవైమంది ఉన్నారు!”

“పడుకోండి!” అంది వడివు. “ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నా మాటకి ఒక్కసారైనా సరే అన్నారా? ఆ ఒక్క ‘సరే’ నాకు బాకీ. ఇవాళ తీర్చండి.”

“సరే,” అన్నాడు చొక్కలింగం.

వడివు హడలిపోయింది. “సిస్టర్, త్వరగా! ఈయన సరే అనేశారు!”

ఆయన గుండెలో మూసుకుపోయిన రక్తనాళాన్ని మధ్యాహ్నానికల్లా తెరిచారు. వడివు చేతికి మందు రాసే వంతు మాత్రం సాయంత్రం నాలుగింటికి వచ్చింది.