తెర వెనక స్టెప్పులు

తొంభైల చివర్లో మా వీధి కుర్రాళ్ళ డాన్సు బృందం స్టేజీ ఎక్కిందంటే హాలు ఊగిపోయేది. వెండిరంగు చొక్కాలు, చీకట్లో కూడా నల్ల కళ్ళద్దాలు, గుండెల్లో దూరి దరువేసే స్పీకర్లు. పాప్ పాట మొదలై ఎర్ర దీపాలు నీలంగా మారుతుంటే, ఉన్నది నేలమీదో మబ్బులమీదో తెలిసేది కాదు. ఆ బృందంలో నేనూ ఉన్నాను. తెర లాగేవాణ్ణి.

మా ఆవిడకు మాత్రం ముందు వరసలో ఆడేవాణ్ణని చెప్పుకున్నాను. ఏటా నా జ్ఞాపకాల్లో కొత్త స్టెప్పొకటి చేరేది. గాల్లో గిరికీ కొట్టి ఒంటికాలిమీద వాలడం దాకా వెళ్ళాక కాస్త నెమ్మదించాను.

ఈమధ్య ఆవిడ, తను పనిచేసే ఆసుపత్రి వార్షికోత్సవంలో భార్యాభర్తల డాన్సుకు మా పేర్లిచ్చానని చెప్పింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అవి ఆడవనే కదా అసలు బెంగ.

మర్నాడు పొద్దున్నే మోకాలు పట్టేసిందని మూలిగాను. పథకం బాగానే ఉంది గానీ, మా ఆవిడ ఫిజియోథెరపిస్టు.

ఆవిడ నా కాలు అటూ ఇటూ వంచి నిట్టూర్చింది.

“బాగా బిగుసుకుపోయిందండీ. రోజూ వ్యాయామం చేయాల్సిందే.”

“మరి డాన్సో?”

“ఈ కాలితో డాన్సేంటి? ముందు నడవండి చాలు.”

గట్టెక్కానని లోలోపల పొంగిపోయాను. మొదట కాలు పక్కకు చాపి తేవడమే. తరువాత నడుము తిప్పమంది. మోకాలికీ నడుముకూ సంబంధమేమిటని అడిగితే, నరాలన్నీ ఒకదానికొకటి చుట్టాలేనంది. భుజాలు కుదిపించింది, చిటికెలు వేయించింది. వైద్యంతో వాదన ఎందుకని వేశాను. నా కళ్ళజోళ్ళ దుకాణంలోనూ అవే చేస్తుంటే, చూపు పరీక్షకొచ్చిన పెద్దాయన తన కళ్ళు మరీ పాడయ్యాయని బెంగపెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం ఆవిడ, ఇక పాటతో చేద్దామని టేప్ రికార్డరు నొక్కింది. మా బృందం పాటే. నా కాళ్ళు వాటంతటవే జరిగాయి, నడుము తిరిగింది, చిటికె సరిగ్గా దరువుమీద పడింది. పక్కన ఆవిడా అవే వ్యాయామాలు చేస్తోంది. ముక్కలుగా చేయించడంతో నేను పోల్చుకోలేదు గానీ, అవన్నీ మా స్టెప్పులే.

“ఇవి నీకెలా తెలుసు?”

“నేనూ ఆ హాల్లో ఉన్నాగా. ఓసారి తెర ఇరుక్కుపోయి, దాని చాటునుండాల్సిన మీరు బయటికి కనబడ్డారు. అందరూ స్టేజీ మధ్యకి చూస్తుంటే, తాడు పట్టుకుని కళ్ళు మూసుకుని ఆడుతున్న అబ్బాయిని నేను చూశా. తర్వాత మీ దుకాణానికొచ్చింది చూపు బాగోక కాదు.”

నేను పాట ఆపాను.

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“ఆ కోతలు కోసేటప్పుడు మీ మొహం వెలిగిపోయేది. ఆర్పడమెందుకని.”

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఎలాగూ నా గుట్టు బయటపడింది కాబట్టి వార్షికోత్సవంలో ఏ వరసలో నిలబడాలో చెప్పమన్నాను.

ఆవిడ నా చేయి అందుకుని, పాట మళ్ళీ మొదటికి తిప్పింది.

“అక్కడ డాన్సులేమీ లేవండీ. మీతో ఒకసారి ఆడాలనిపించింది, అంతే.”