కొవ్వు లేని తోడు

చెంగయ్య ఆ పొద్దున ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. తొలి బస్సుకు తిరుపతి పోయి, డాక్టరు చెప్పిన పెరుగు కొనుక్కుని, అన్నం వేళకు వడమాలపేటలో ఇల్లు చేరుకోవాలి. తినాలి. పడుకోవాలి.

పెరుగన్నం తిన్నాక వచ్చే నిద్రకు మించిన సుఖం అతనికి తెలియదు. ఇంటి బర్రె పాలు, భార్య చంద్రకాంతమ్మ చేతి తోడు. మట్టిచట్టిలో పెరుగు గడ్డకట్టి, పైన మీగడ పాతదుప్పటి మాదిరి ముడతలు పడి ఉంటుంది. అది అన్నంలో కలుపుకొని తిని, పంచలో నులకమంచం మీద వాలితే కళ్ళు పూర్తిగా మూతపడక ముందే కొండలు కదిలేవి. నారాయణవనం వైపు కొండలు ఒక్కొక్కటే లేచి, మేతకు పోయే బర్రెల మాదిరి మెల్లగా నడిచి పోయేవి. వాటిని చూస్తూ ఉండగానే పొద్దు వాలేది.

ఆ కొండలకు డాక్టరు అడ్డం వచ్చాడు. రక్తంలో కొవ్వు ఎక్కువైందన్నాడు. "కొవ్వు తీసేసిన పెరుగు ఇప్పుడు అంగళ్ళలో అమ్ముతున్నారు, అది తినండి. మళ్ళీ రక్తం చూస్తాను. తగ్గకపోతే పెరుగే మానిపిస్తాను" అన్నాడు. ఆ ఆఖరి మాట విన్నప్పటి నుంచి చెంగయ్యకు మంచం ఎక్కాలంటే భయం.

తిరుపతిలో హాస్టల్లో ఉండి తిండి గురించిన చదువు చదువుతున్న కూతురు జాహ్నవి అంగడి దగ్గర కాచుకొని ఉంది. చల్లపెట్టె అద్దం వెనక రంగురంగుల కప్పులు వరసగా కూర్చుని ఉన్నాయి. చెంగయ్య చెయ్యి నేరుగా ఎర్రపండు బొమ్మ ఉన్న కప్పు మీదికి పోయింది.

"బొమ్మ చూసి ఎత్తుకోవద్దు నాయనా. కింద రాసుండేది చూడాల."

"పండు బొమ్మ వేసినారు గదమ్మా. పండు మంచిదే గదా?"

"పండు పేరుకే. చక్కెరే ఎక్కువ. ఇది పెరుగు కాదు, పాయసం." జాహ్నవి ఇంకో కప్పు తీసి తిప్పి చూసింది. "ఇది మన చట్టిలో పెరుగే. మీగడతో సహా వచ్చి ఈడ కూర్చోనుండాది." మూడోది తీసింది. "ఇది నీకు. కొవ్వు తీసేసినారు, చక్కెర కలపలా, మాంసకృత్తులు బాగుండాయి."

"రుచి?"

జాహ్నవి కప్పును మళ్ళీ ఒకసారి చుట్టూ తిప్పింది. "దాని గురించి ఏం రాయలేదు నాయనా."

ఇంటికొచ్చి చెంగయ్య ఆ పెరుగు అన్నంలో కలిపాడు. కళ్ళు మూసుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఏమీ జరగలేదు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. ఇంకా ఏమీ జరగలేదు. సగం కప్పు మిగిల్చి మంచమెక్కాడు. కొండలు కొండల మాదిరే ఉండిపోయాయి.

అటు నిద్రా కాదు, ఇటు మెలకువా కాదు. ఆ మగతలోనే అతనికి తన బర్రె అంగడి చల్లపెట్టెలో కప్పుల నడుమ నిలబడి, అద్దం గుండా తనను చూస్తున్నట్టు అనిపించింది. బర్రె ఏదో చెప్పబోయింది. చెంగయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. పుల్లటి తోడు వేస్తే పెరుగు పుల్లగా తోడుకుంటుంది. తియ్యటి తోడు వేస్తే తియ్యగా తోడుకుంటుంది. మరి కొవ్వు లేని తోడు వేస్తే?

"ఏమే, ఈ రాత్రికి మన పాలల్లో ఈ కప్పులోది తోడెయ్యి" అన్నాడు భార్యతో.

"ఎందుకు?"

"తోడు గుణమే గదా పెరుగుకు వచ్చేది. దీంట్లో కొవ్వు లేదు. రేపు మన చట్టిలో కూడా ఉండదు."

చంద్రకాంతమ్మ కప్పు అందుకుని వాసన చూసింది. ముక్కు కొంచెం పక్కకు తిరిగింది. "సరేలే" అంది. ఆమె సరేలే అంటే చేస్తానని అర్థమో, నోరు మూసుకోమని అర్థమో చెంగయ్యకు పెళ్ళయినప్పటి నుంచీ తేలలేదు.

సాయంత్రం బజారులో ఫోను దొరికితే కూతురికి చెప్పాడు. "నాయనా, తోడుండేది పాలను పెరుగు చెయ్యడానికే. పాలల్లో ఉండే కొవ్వు యాడికి పోతాది?" అంది జాహ్నవి. "లైను సరిగ్గా లేదమ్మా" అని చెంగయ్య పెట్టేశాడు.

మరునాడు చట్టి మీద మూత తీసి నిలబడిపోయాడు. మీగడ ఎప్పటి మందమే ఉంది.

"ఇదేందే, ఇంత మీగడ?"

"నాకేం తెలుసు? నువ్వు చెప్పిన తోడే గదా" అంది చంద్రకాంతమ్మ చాటలో బియ్యం మీదనుంచి చూపు ఎత్తకుండా.

చెంగయ్య వేలితో మీగడ ఎత్తి చూశాడు. రూపం మీగడదే అయినా గుణం కాదని తేల్చుకున్నాడు. కడుపు నిండా తిని పడుకున్నాడు. కొండలు ఒళ్ళు విరుచుకుని నడక మొదలుపెట్టాయి.

ఆ ముఖంలో వెలుగు ముందుగా పసిగట్టింది బజారులో టైలరు సుల్తాన్. "ఏం చెంగన్నా, పెండ్లికొడుకు మాదిరి వస్తా ఉండావు?" అన్నాడు మిషను ఆపి. చెంగయ్య బెంచీ మీద కూర్చుని సంగతంతా చెప్పాడు. సుల్తాన్‌కు కూడా అదే డాక్టరు, అదే కొవ్వు.

"అయితే మా ఇంటామె షహర్‌బానుకు రవ్వంత తోడు ఇప్పించన్నా. మటన్ ఎట్లాగూ మానిపించినారు. పెరుగన్నా నాకు మిగలనీ."

సుల్తాన్ ఇంటికి పోయిన తోడు పక్కింటికి పోయింది. అక్కడి నుంచి బియ్యం మిషను నడిపే వెంకటమునికి తెలిసింది. మెట్లెక్కితే ఆయాసపడే వరలక్ష్మమ్మకు తెలిసింది. ఊళ్ళో ఒక గరిటె పెరుగుతో సరిపెట్టుకునే వాళ్ళు మూడు గరిటెలు వేసుకోవడం మొదలుపెట్టారు. "కొవ్వే లేనప్పుడు ఎంత తింటే ఏముందిలే" అని వెంకటముని పొద్దున టిఫినులోకి కూడా పెరుగే పోసుకున్నాడు. చట్టి అడుగు దాకా గీక్కుని తినేస్తే మరుసటి రోజుకు తోడు ఎవరింట్లో మిగులుతుంది? మళ్ళీ గిన్నె పట్టుకుని చెంగయ్య వాకిట్లోకే రావాలి.

వచ్చేవాళ్ళు పొలం పనులు ముగించుకుని, దీపాలు పెట్టాక వచ్చేవాళ్ళు. దీపం పెట్టాక చంద్రకాంతమ్మ ప్రాణమైనా ఇస్తుందేమో గానీ తోడు ఇవ్వదు.

"లక్ష్మి ఎల్లిపోతాది. రేపు పొద్దుండంగా రాండి" అని తలుపు దగ్గరకు వేసేది. వాళ్ళు గొణుక్కుంటూ పోయేవాళ్ళు.

ఊరంతా తన మాట నమ్మి గిన్నెలు పట్టుకుని తిరిగిపోవడం చెంగయ్య చూడలేకపోయాడు. "నేనే తెచ్చిస్తాలే" అన్నాడు. మధ్యాహ్నం చారన్నంతోనే సరిపెట్టుకుని, చట్టిలో పెరుగు క్యానులోకి ఒంపుకుని బయలుదేరేవాడు. నాలుగు వీధులూ తిరిగి, రైలు పట్టాలు దాటి, అవతలి కాలనీకి పోయి, అక్కడి నుంచి కాలువ గట్టు మీద పల్లెకు పోయి, దీపాల వేళకు ఇల్లు చేరేవాడు. రాత్రికి చట్టిలో అడుగున మిగిలినదాంట్లో చంద్రకాంతమ్మ నీళ్ళు పోసి చిలికి ఇచ్చేది. అతను అదే పెరుగనుకుని కళ్ళు మూసుకుని తినేవాడు.

నిద్ర పోయిందని బాధ కూడా లేదు. ఎండలో నడుస్తుంటే కొండలే తోడుగా పక్కన నడిచేవి. ఒక సాయంత్రం కాలువ గట్టు మీద ఉండగా తూర్పున శ్రీహరికోట వైపు నుంచి తెల్లటి గీత ఒకటి లేచింది. చిలికిన చల్లలో కవ్వం పైకెత్తినప్పుడు సాగే తీగ మాదిరి, ఆకాశం చివరిదాకా సాగి, అక్కడే వంకర తిరిగి నిలిచిపోయింది. చెంగయ్య క్యాను కిందపెట్టి చూశాడు. ఒంట్లో కొవ్వు లేకపోతే ఎంతదైనా అంత పైకి పోతుంది కాబోలు అనుకున్నాడు.

ఒకనాడు పొద్దున్నే సుల్తాన్ మెడలో టేపుతో ఇంటికే వచ్చాడు. వెనక వెంకటముని, వరలక్ష్మమ్మ, ఇంకా కొందరు.

"చెంగన్నా, పండగా లేదు, పెండ్లిండ్లూ లేవు. అయినా నా మిషను ఆగడం లేదు" అన్నాడు సుల్తాన్. "అందరూ కుట్లు ఇప్పి వదులు చెయ్యమనేవాళ్ళే. ఈ ఊరి నడుములన్నీ నా టేపులో ఉండాయి. ఒక్కటీ తగ్గలా."

"నా చొక్కా గుండీ తెగిపోయి సాంబారులో పడిందప్పా" అన్నాడు వెంకటముని. "వడ్డించేది మా మామకు!"

"ముందు మెట్లకే ఆయాసం. ఇప్పుడు గడప దాటాలన్నా ఆయాసమే" అంది వరలక్ష్మమ్మ.

చెంగయ్య కండువా భుజాన వేసుకున్నాడు. "ఈ పొద్దు నేను డాక్టరు దగ్గరికే పోతా ఉండా. నా రక్తంలో కొవ్వు తగ్గకపోతే ఈ జన్మలో పెరుగు ముట్టను. సరేనా?" అన్నాడు.

ఆ మాట తేల్చుకోవడానికి అందరూ అదే బస్సెక్కారు. చంద్రకాంతమ్మ కూడా క్యారియరు కట్టుకుని ఎక్కింది. పొద్దున రక్తమిచ్చి, ఫలితం కోసం సాయంత్రం దాకా ఆసుపత్రి బెంచీల మీద కూర్చున్నారు. హాస్టలు నుంచి జాహ్నవి వచ్చింది. డాక్టరు గదిలోకి మొత్తం వడమాలపేటే జొరబడినట్టయింది. ఆయన ఒక్కొక్కరినీ తూకం మీదికి ఎక్కించాడు. ముల్లు అందరికీ తాను పోగలిగినంత దూరం పోయింది. చెంగయ్య ఎక్కితే వెనక్కి వచ్చింది.

"బాగా తగ్గారు. రక్తంలో కొవ్వు కూడా తగ్గింది" అన్నాడు డాక్టరు.

గదిలో గోల ఒక్కసారిగా లేచింది.

"మంచి తోడు ఇంట్లో పెట్టుకుని మాకు ఉత్తది పంచినాడు!" అన్నాడు వెంకటముని.

సుల్తాన్ అరవలేదు. "నీకు ఇన్ని చొక్కాలు కుట్టినాను గదన్నా. ఎప్పుడన్నా ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ పెట్టినానా?" అన్నాడు.

చెంగయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు మూల బెంచీ మీద నుంచి చంద్రకాంతమ్మ లేచింది.

"గమ్మునుండండి అందరూ. మంచి తోడూ లేదు, ఉత్త తోడూ లేదు. ఆ కప్పులోది ఆ పొద్దే కుక్కకు పెట్టినాను. అది గూడా వాసన చూసి పక్కకు పోయింది. నేను వేసేది మా అమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న తోడు. దాంట్లో ఇంకోటి కలపనిస్తానా?"

చెంగయ్య నిద్రలో నుంచి ఎవరో కుదిపి లేపినట్టు ఆమె వైపు చూశాడు. "మరి నాకెట్లా తగ్గిందే?"

"నువ్వు పడుకున్నావా? ఊరంతా తిరిగినావు. పెరుగు తిన్నావా? అందరికీ పంచేసి, చట్టి కడిగిన నీళ్ళు తాగినావు."

జాహ్నవి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరు అడ్డం పెట్టుకోకుండానే నవ్వాడు. నవ్వు తగ్గాక అందరికీ చెప్పాడు. మీగడ తీసేయాలి, గిన్నె చిన్నదవ్వాలి, రోజూ నడవాలి. కప్పు పెరుగు కొనాలంటే చక్కెర కలపనిది చూసుకుని కొనాలి.

"నేను మాత్రం పెరుగు తినచ్చా సామీ?" అన్నాడు చెంగయ్య.

"తినచ్చు. తిని పడుకోవడమే కుదరదు. మధ్యాహ్నం నడక ఆపద్దు."

చెంగయ్య తల ఊపాడు. కొండలు ఇక తన కోసం నడవవు, తానే వాటి కోసం నడవాలి. సుల్తాన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "రేపటి నుంచి క్యాను నేను పట్టుకుంటాలే అన్నా" అన్నాడు.

ఇంత రాద్ధాంతం చేసిన పెరుగు ఎలా ఉంటుందో చూద్దామని డాక్టరు క్యారియరు తెరిపించాడు. అడుగు గిన్నెలోనుంచి ఒక చెంచా తీసి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు వాలాయి. అలాగే కిటికీ వైపు తిరిగి, తిరుమల కొండలు ఎటో బయలుదేరినట్టు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"అమ్మా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "కొంచెం తోడు ఇస్తారా, మా ఇంటికి?"

చంద్రకాంతమ్మ తలెత్తి, అప్పుడే వెలిగిన ట్యూబులైటు వైపు చూసింది. గిన్నె మూసి క్యారియరు బిగించింది. "దీపాలు పెట్టేసినారు గదా సామీ" అంది.

ఆ తర్వాత చెంగయ్య భార్యను వెంటబెట్టుకుని చూపించుకోవడానికి వచ్చే రోజుల్లో ఆ ఆసుపత్రిలో లైట్లు కొంచెం ఆలస్యంగా వెలుగుతున్నాయి.