విరిగిన సబ్బు నీళ్ళు

ఆ సోమవారం సబ్బుల వ్యాపారి జీవరాజు వేసుకున్న లెక్క చిన్నది. పదింటికి లేసు సంఘం పెద్ద సువార్తమ్మ వస్తుంది. అతను తయారుచేసే సబ్బు నీళ్ళలో లేసు ఉతికి చూస్తుంది. నచ్చితే సంఘంలోని పన్నెండుమందీ వారంవారం అతని పెరట్లోనే ఉతుకుతారు. భార్య పోయిన మూడేళ్ళుగా నరసాపురంలోని ఆ ఇంట్లో రేడియో తప్ప ఎవరూ మాట్లాడలేదు. పన్నెండు నోళ్ళు! ఇంత లాభసాటి బేరం మళ్ళీ రాదనుకున్నాడు.

లేసు బిరుసెక్కకూడదని, రాజమండ్రిలో కొన్న బట్టలు మెత్తబడే మందు కూడా సబ్బు డ్రమ్ములో గుమ్మరించాడు. రెండు మంచి సరుకులు కలిస్తే రెట్టింపు మంచిదని వ్యాపారి నమ్మకం. నురుగు చచ్చిపోయింది. తెల్లటి తరకలు తేలాయి. చిక్కబడుతుందని ఉప్పేశాడు. తరకలు ముద్దలయ్యాయి.

పొరుగింటి పాపాయి గోడ మీంచి తొంగిచూసింది. "ఏంటండీ రాజుగారూ, డ్రమ్ముడు పాలు విరగ్గొట్టేశారు?"

సరుకు చెడిందని ఏ వ్యాపారీ నోటితో ఒప్పుకోడు. "స్వీట్లకమ్మా," అనేశాడు.

"ఎవరొస్తున్నారేంటి?"

"సువార్తమ్మ గారు."

ఆలి లేని మగాడు, మొగుడు లేని ఆడది, డ్రమ్ముడు స్వీట్లు. కూడిక పాపాయికీ వచ్చు. పదయ్యేసరికి పెరట్లో పాతికమంది, ఒక అరటి గెల, ఒక పూలదండ. "ఇంత గుట్టా బాబాయ్!" అని ఎదురింటి వెంకటరాజు అతని వీపు చరిచాడు. కాదని చెప్పడానికి జీవరాజు రెండుసార్లు నోరు తెరిచాడు. కానీ ఇంట్లో ఎంత సందడి! మూసేసుకుని, టీ పెట్టాడు.

సువార్తమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే మెడలో దండ పడింది. "నాకు దండేంటండీ? నేనింకా బతికే ఉన్నాను!"

ఆమె వెంట వచ్చిన కెమిస్ట్రీ లెక్చరర్ ఫణిశ్రీ పక్కనున్న మందు సీసా చదివి, డ్రమ్ములో వేలు ముంచి చూసింది. "స్వీట్లు కావండీ ఇవి. సబ్బు అణువుకి తలా తోకా ఉంటాయి. తలకి నీళ్ళంటే ఇష్టం, తోకకి పడదు. అందుకని తోకలు లోపలికి పెట్టుకుని, తలలు బయటికి పెట్టి గుండ్రంగా గుంపు కడతాయి. జిడ్డుని ఆ గుంపే మోసుకుపోతుంది. కానీ సబ్బు తలకి మైనస్ ఛార్జి, ఈ మందు తలకి ప్లస్ ఛార్జి. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని, నీళ్ళనొదిలేసి ముద్దయిపోతాయి. ఇంకెక్కడి గుంపు!"

"జంట కుదిరితే ఊరితో పనుండదన్నమాట," అంది పాపాయి. అందరూ నవ్వుకుంటూ, తలా రెండు అరటిపళ్ళు తుంచుకుని వెళ్ళిపోయారు.

మందు కలపని సబ్బు నీళ్ళు ఒక బకెట్టుడు మిగిలాయి. సువార్తమ్మ అందులో లేసు ఉతికింది. మల్లెపువ్వులా వచ్చింది.

"చాలా బాగుందండీ! ఇంత సులువైతే ఇక్కడిదాకా రావడం దేనికి? సీసాల్లో పోసి పంపించండి, ఎవరింట్లో వాళ్ళం ఉతుక్కుంటాం."

సరుకు గెలిచింది. ఆ సాయంత్రం మళ్ళీ రేడియో ఒక్కటే మాట్లాడింది.

పై సోమవారం పొద్దున్నే జీవరాజు పెరట్లో పాతిక కుర్చీలు వేసి, సబ్బు డ్రమ్ములో మందు గుమ్మరించి, పాపాయి ఇంటి గోడవైపు తిరిగి గట్టిగా దగ్గాడు.