ఒక్క తప్పూ లేని ఉత్తరం

లోకంలో న్యాయం అనేది ఒకటుందనీ, అది వీధి దీపాల కార్యాలయం రెండో అంతస్తులో నీళ్ల కూలరు పక్క గదిలో ఉంటుందనీ చాలామందికి తెలియదు. ఆ గది పేరు పదశుద్ధి విభాగం. ఇంగ్లీషు ఉత్తరాల్లో ఒక మాట పడాల్సిన చోట ఇంకో మాట పడితే, రాసిన మనిషిని పల్లెత్తు మాట అనకుండా, పడిన మాటను సస్పెండ్ చేయడం ఆ విభాగం పని. (మనుషులకు యూనియన్ ఉంది. మాటలకు లేదు.)

దీనంతటికీ మూలం పాలు. కిందటేడు పెద్దాఫీసరుకు నాలుగు డైరీలు కావాలని రాయబోయి ఎవరో డెయిరీ అని రాశారు. నాలుగు క్యాన్ల పాలు దిగాయి. ఆఫీసంతా వారం రోజులు చిక్కటి టీ తాగి, పాలు అయిపోయాక విచారణ మొదలుపెట్టింది. రాసినవాడు టైపు చేసినామెను చూపించాడు, ఆమె సరిచూసినవాణ్ని చూపించింది, అతను సంతకం పెట్టినవారిని చూపించబోయి, సంతకం పెద్దాఫీసరుదేనని గుర్తొచ్చి వేలు జేబులో పెట్టుకున్నాడు. కాబట్టి నేరం మాటలదేనని తేలింది. ఇద్దరిలో అసలు దోషి ఎవరో తేలలేదు గనుక డైరీని, డెయిరీని కలిపే సస్పెండ్ చేశారు.

అక్కణ్నుంచి జోడీలు జోడీలుగా పోయాయి. క్వైట్, క్వయెట్ ఒకే రోజు వెళ్లాయి. పర్మిషన్, ప్రమోషన్ ఫిబ్రవరిలో పోయాయి. (భోజనానికి వెళ్లడానికి పర్మిషన్ అడగబోయిన సూపర్‌వైజరు ఒకాయన ఇప్పుడు ఇంజనీరు.) ఈ జాబితాను ప్రతి సోమవారం నోటీసు బోర్డుకు గుచ్చే పని జాబుల గుమాస్తాది. వచ్చే ఉత్తరాలు, పోయే ఉత్తరాలు రిజిస్టరులో ఎక్కిస్తూ పంతొమ్మిదేళ్లుగా ఎవరి జోలికీ పోని మనిషి. గుచ్చేవాడే తప్ప చదివేవాడు కాదు.

ఆ సోమవారం మాత్రం చదివి, గుండుసూది వేలికి గుచ్చుకున్నాడు. లీవ్ సస్పెండైంది. 'లైవ్ వైరు, జాగ్రత్త' అని రాయాల్సిన చోట ఎవరో లీవ్ అని రాస్తే, పనివాళ్లు ఆ వైరును అలాగే వదిలేసి వెళ్లారట.

గుమాస్తాకు శుక్రవారం సెలవు కావాలి. రెండో తరగతి చదివే కూతురు బడి నాటకంలో రాజభటుడు. పోయినేడు కూడా వేషం కట్టింది గానీ, నాన్న కుర్చీ ఖాళీగా ఉండటం చూసి స్టేజి మీద నోరు విప్పలేదు. నాటకం ఆ నిశ్శబ్దంతోనే ముగిసింది. ఈసారి ముందే చెప్పేసింది: "నువ్వు ముందు వరసలో లేకపోతే నేను మాట్లాడను, అంతే."

"ఇంత రాద్ధాంతం ఎందుకండీ, నోటితో అడగరాదూ?" అంది భార్య.

"నోటిమాటైనా సరే, ఇంగ్లీషులో రాసిస్తేనే వింటారే."

"పోనీ మన భాషలో రాసివ్వండి."

"అది అందరికీ అర్థమైపోతుంది. ఆఫీసులో చెల్లదు."

మంగళవారం లీవ్ లేకుండా ఒక ఉత్తరం రాశాడు. పదశుద్ధి అధికారి (కత్తెరగారని ముద్దుపేరు, ఎదురుగా ఎవరూ పిలవరు) అందులో డాటర్‌ను పట్టుకున్నాడు. డాక్టరుతో కలిసి తిరుగుతూ అది ఎప్పుడో దొరికిపోయిందట. బుధవారం కూతుర్ని కూడా తీసేసి రాశాడు. ఈసారి తిప్పి పంపడానికి 'సర్' ఒక్కటే సరిపోయింది. మొన్ననే ఒక మేడమ్‌గారి దగ్గరికి వెళ్లి పట్టుబడిందట. నిషేధాలన్నీ పోగా గుమాస్తా ఉత్తరంలో మిగిలింది అతని సంతకం.

ఆ సాయంత్రం తల పట్టుకుని ఇంటికొచ్చేసరికి కూతురు మంచం మీద నిలబడి, చుట్టిన కాగితం విప్పి సాధన చేస్తోంది.

"ఏముందే అందులో?"

"రాజుగారి ఆజ్ఞ."

"ఖాళీగా ఉందిగా?"

"నీకు చదవడం రాదు నాన్నా!"

గుమాస్తాకు దారి దొరికింది. పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

గురువారం పొద్దున్నే తెల్లకాగితం కింద సంతకం పెట్టి, పదశుద్ధి విభాగంలో ఇచ్చాడు. కత్తెరగారు భూతద్దం పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. వెనక్కి తిప్పి కూడా చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, ఇన్నాళ్లూ ఈ ఇంగ్లీషు ఎక్కడ దాచావు? నా సర్వీసులో ఒక్క తప్పూ లేని ఉత్తరం ఇదే!"

ధనామని 'శుద్ధం' అని ముద్ర కొట్టాడు. గుమాస్తా దాన్ని సెలవు మంజూరుగా చదువుకున్నాడు. చదువుకోవడానికి వీలుగానే ఉంది.

శుక్రవారం పదకొండింటికి ముందు వరసలో, మోకాళ్లు గడ్డానికి తగిలే చిన్నపిల్లల కుర్చీలో కూర్చున్నాడు. రాజభటుడు వచ్చి, నాన్నను చూసి, కాగితం విప్పాడు. చదవాల్సింది ఒక్క వాక్యం. అదయ్యాక కూడా ఆగలేదు. "ఇకమీదట నాన్నలందరూ ముందు వరసలోనే కూర్చోవాలి! హోంవర్కు రాజుగారే చేసుకోవాలి! పక్క బెంచీ పిల్ల నా రబ్బరు నాకిచ్చెయ్యాలి!" తెర వెనక నుంచి టీచరు చేతులూపుతోంది, సింహాసనం మీద రాజు నోరెళ్లబెట్టాడు. హాలంతా ఒకటే చప్పట్లు. గుమాస్తా నవ్వుతూనే ఏడ్చేశాడు. పంతొమ్మిదేళ్లలో అంత సంతోషం అతను ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదు.

సోమవారం అతని బల్ల మీద ఒక కవరు ఉంది. లోపల తెల్లకాగితం, కింద కత్తెరగారి సంతకం. తన పద్ధతే ఆఫీసుకు ఆదర్శమైందని గుమాస్తా పొంగిపోయి, కృతజ్ఞతలు చెప్పడానికి నీళ్ల కూలరు పక్క గదికి పరుగెత్తాడు.

"చాలా సంతోషమండీ. మెచ్చుకోలు అందింది."

"మెచ్చుకోలా? ఇటివ్వు." కత్తెరగారు కాగితం అందుకుని, గొంతు సవరించుకుని చదివాడు. "శుక్రవారం చెప్పాపెట్టకుండా మానేసినందుకు నేలమాళిగలోని పాత ఫైళ్ల గదికి నిన్ను బదిలీ చేయడమైనది. నేటి నుంచే అమలు."

"అయ్యా, అలా ఎక్కడుందండీ?"

"కింద సంతకం ఎవరిది?"

"తమరిదే."

"మరి ఏముందో ఎవరికి తెలుస్తుంది?"

గుమాస్తా కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. ఇంగ్లీషులో ఒక్క తప్పు కూడా లేదని ఒప్పుకోక తప్పలేదు.